బీఎస్సీ కెమిస్ట్రీలో చేరే ముందు ల్యాబ్ తలుపు తీయించి చూడండి

హైదరాబాద్ జీడిమెట్లలో బల్క్ డ్రగ్స్, అంటే మందుల్లో పనిచేసే అసలు రసాయనాలు, తయారుచేసే ఒక మధ్యరకం కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ (క్యూసీ) చూస్తాను. ఫ్రెషర్లను తీసుకునేటప్పుడు ఇంటర్వ్యూలో నేనూ కూర్చుంటాను. నా మొదటి ప్రశ్న ఏళ్లుగా మారలేదు: "డెసినార్మల్, అంటే 0.1 నార్మల్, హెచ్‌సీఎల్ ఒక లీటరు కావాలమ్మా, ఎలా చేస్తావు?"

ఎనభై శాతం మార్కులు తెచ్చుకున్నవాళ్లు కూడా ఇక్కడ నార్మాలిటీ నిర్వచనం అప్పజెప్పి ఆగిపోతారు. ల్యాబ్‌లో నిజంగా పనిచేసిన పిల్లలు వేరేలా చెబుతారు. "ముందు ఫ్లాస్క్‌లో నీళ్లు తీసుకుంటాను మేడమ్. గాఢ ఆసిడ్ సుమారు 8.5 ఎం.ఎల్. మెల్లగా పోసి లీటరు వరకు నింపుతాను. అది సుమారు లెక్కే కదా, వేడిచేసి తేమ పోగొట్టిన సోడియం కార్బొనేట్‌తో టైట్రేట్ చేసి అసలు నార్మాలిటీ ఎంతో చూస్తాను." ఆ "సుమారు లెక్కే కదా" అన్న మాట వినగానే నాకు సగం పని అయిపోతుంది. ఆసిడ్ సీసా మీద రాసిన అంకెను గుడ్డిగా నమ్మకూడదని ఆ పిల్లకు ఎవరో చెప్పారు, లేదా తనే చేసి తెలుసుకుంది.

ఇది పెద్ద కాలేజీలో చదివితే వస్తుందనీ, చిన్న కాలేజీలో చదివితే రాదనీ అనుకోకండి. మూడేళ్లలో ఎన్ని గంటలు బ్యూరెట్ పట్టుకున్నారన్న దాన్ని బట్టి వస్తుంది. అందుకే మా చుట్టాలు, కాలనీవాళ్లు, ఆఫీసులో తోటివాళ్లు తమ పిల్లల గురించి అడిగినప్పుడు నేను కాలేజీ పేర్లతో మొదలుపెట్టను. ముందు ల్యాబ్ సంగతి చూసుకోండి, మిగతావన్నీ దాని చుట్టూ అమర్చుకోండి అంటాను. అదే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఎప్‌సెట్‌లో (పాత ఎంసెట్) ర్యాంకు రాలేదు కాబట్టి కెమిస్ట్రీ తీసుకుంటున్నామని కొందరు చిన్నబుచ్చుకుంటూ చెబుతారు. అందులో తప్పేమీ లేదు. మా ల్యాబ్‌లో బాగా పనిచేసే వాళ్లలో సగం మంది అలా వచ్చినవాళ్లే. కాకపోతే "ఏదో ఒక డిగ్రీ" అనుకుని వస్తే మాత్రం కెమిస్ట్రీ కష్టం. రాసి పాసయ్యే డిగ్రీలు వేరే ఉన్నాయి. ఇక్కడ వారానికి కొన్ని మధ్యాహ్నాలు వాసనల మధ్య నిలబడాలి.

గ్రూపు ఎంచుకోవడం

మన దగ్గర బీఎస్సీలో చాలావరకు కెమిస్ట్రీ ఒక్కటే ఉండదు, ఇంకో రెండు సబ్జెక్టులతో కలిసి వస్తుంది. ఎంపీసీ అంటే మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ. బీజెడ్‌సీ అంటే బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ. ఇవి కాక మైక్రోబయాలజీతోనో, బయోటెక్నాలజీతోనో, బయోకెమిస్ట్రీతోనో కలిపినవి ఉంటాయి. ఒక్కటి మాత్రం జాగ్రత్త. ఎంపీసీఎస్ అని కనిపిస్తుంది. ఆఖర్లో ఆ "సీఎస్" కంప్యూటర్ సైన్స్. అందులో కెమిస్ట్రీ ఉండనే ఉండదు. హడావిడిగా ఆప్షన్లు పెట్టేటప్పుడు నెట్ సెంటర్లో కూర్చున్న అబ్బాయి పొరపాటున ఒకదాని బదులు ఇంకొకటి నొక్కేస్తాడు. స్క్రీన్ మీద పూర్తి పేరు చదివాకే సరే అనండి.

ఎంపీసీయా, బీజెడ్‌సీయా అంటే నా ఓటు ఎంపీసీకే. ఎందుకో చెబుతాను. ఫిజికల్ కెమిస్ట్రీలోకి వెళ్లగానే లాగ్, ఇంటిగ్రల్, డెరివేటివ్ అడుగడుగునా వస్తాయి. ఫస్ట్ ఆర్డర్ రియాక్షన్ హాఫ్ లైఫ్ 0.693 బై కే అని అందరూ బట్టీ పడతారు. ఆ 0.693 రెండు అనే అంకెకు సహజ లాగరిథమ్ అని తెలిసిన పిల్లలు మాత్రం ఫార్ములా మర్చిపోయినా మళ్లీ రాబట్టుకుంటారు. ఐఐటీల్లో ఎంఎస్సీకి రాసే జామ్ పరీక్షలో కెమిస్ట్రీ సిలబస్ తీసి చూస్తే మాక్సిమా, మినిమా, ఇంటిగ్రల్స్, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, వెక్టర్లు, మాట్రిక్సులు, ప్రాబబిలిటీ అన్నీ అక్కడే ఉంటాయి. కొన్ని సంస్థలు ఎంఎస్సీకి ఇంటర్ స్థాయి మ్యాథ్స్ అర్హతగా కూడా అడుగుతాయి.

బైపీసీ పిల్లలు ఇది చదివి బెంగపెట్టుకోనక్కర్లేదు. బీజెడ్‌సీ చేసి ఆర్గానిక్‌లో ఎంఎస్సీ చేసి మంచి స్థాయిలో ఉన్నవాళ్లు మా ఊళ్లో బోలెడు మంది. మీరు చేయాల్సింది ఒక్కటే. డిగ్రీ మొదటి ఏడాది సెలవుల్లో ఇంటర్ మ్యాథ్స్ పుస్తకాల్లోంచి లాగరిథమ్స్, డిఫరెన్సియేషన్, ఇంటిగ్రేషన్ వరకు నేర్చుకోండి. తెలుగు అకాడమీ పుస్తకాలు చాలు. ట్యూషన్ అవసరం లేదు, పక్కింట్లో ఎంపీసీ చదివే పిల్లాడిని బతిమాలుకోండి.

బీఫార్మసీ మంచిదా, బీఎస్సీ కెమిస్ట్రీ మంచిదా అన్నది హైదరాబాద్‌లో తప్పకుండా వచ్చే ప్రశ్న. మందుల షాపు పెట్టుకోవాలన్నా, డ్రగ్ ఇన్‌స్పెక్టర్ పరీక్ష రాయాలన్నా ఫార్మసీయే కావాలి, కెమిస్ట్రీ డిగ్రీ పనికిరాదు. క్యూసీలో ఇద్దరినీ తీసుకుంటాం. కొత్త మాలిక్యూల్ తయారుచేసే సింథసిస్ ల్యాబ్‌లోకి వెళ్లాలంటే ఆర్గానిక్ కెమిస్ట్రీ చదివినవాళ్లకే తలుపులు బాగా తెరుచుకుంటాయి. అంతే తేడా.

ఇంటర్‌లో ఉండగానే చూసుకోవాల్సినవి

మూడేళ్ల బీఎస్సీ ఒక్కటే దారి కాదు. గచ్చిబౌలిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత నేరుగా చేరే ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఎస్సీ కెమికల్ సైన్సెస్ ఉంది. దానికి సెంట్రల్ యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ రాయాలి. తిరుపతితో కలిపి దేశంలో ఏడు ఐసర్లు, అంటే సైన్సు చదువుకూ పరిశోధనకూ కేంద్రం పెట్టిన సంస్థలు, ఉన్నాయి. వాటిలో బీఎస్-ఎంఎస్‌కి ఐసర్ వాళ్ల ఆప్టిట్యూడ్ టెస్ట్ రాయాలి. భువనేశ్వర్‌లో నైసర్‌కి నెస్ట్ అనే ఇంకో పరీక్ష. బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్‌లో ఎంఎస్సీ కెమిస్ట్రీకి బిట్‌శాట్.

వీటన్నిటితో చిక్కేమిటంటే, దరఖాస్తులు మనం ఇంటర్ ప్రాక్టికల్స్, పబ్లిక్ పరీక్షల టెన్షన్‌లో ఉన్న రోజుల్లోనే వచ్చి పోతాయి. ఫలితాలు వచ్చాక చూద్దాం అనుకుంటే తెలంగాణ డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ అడ్మిషన్, దోస్త్, ఒక్కటే మిగులుతుంది. కాబట్టి రెండో సంవత్సరం జనవరి నుంచే ఇంట్లో ఎవరో ఒకరు ఆ వెబ్‌సైట్లు వారానికోసారి చూడాలి. పిల్లలకు ఆ పని అప్పజెప్పకండి, వాళ్లకు అప్పుడు తల ఎత్తే తీరికుండదు.

ఐసర్ పరీక్షలో 60 ప్రశ్నలు, మూడు గంటలు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ ఒక్కోదానికి 15. ఎంపీసీ వాళ్లకు బయాలజీ రాదు, బైపీసీ వాళ్లకు మ్యాథ్స్ రాదు, కాబట్టి ఎవరికైనా ఒక కాలు కుంటే. మిగిలిన మూడింటి మీద గట్టిగా నిలబడితే సరిపోతుంది. తప్పు జవాబుకు మార్కు కోస్తారు, తెలియనిది వదిలేయడమే మేలు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఇంటర్ బోర్డులో పైనుంచి ఒక శాతంలో నిలిచి బీఎస్సీలోనో, ఇంటిగ్రేటెడ్ ఎంఎస్సీలోనో బేసిక్ సైన్సులు చదివేవాళ్లకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఉంది. ఏడాదికి 80,000 రూపాయలు. అందులో 60,000 చేతికి, 20,000 వేసవి ప్రాజెక్టుకు. ఇంజినీరింగ్‌లో చేరితే రాదు. మన బోర్డులో ఒక శాతం కటాఫ్ చాలా పైన ఉంటుంది, అయినా 980లు దాటిన పిల్లలు అప్లై చేయకుండా వదిలేయడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ల్యాబ్ చూడటం ఎలా

ఇప్పుడు అసలు విషయం. ఆప్షన్లు పెట్టడానికి ముందు, మీ లిస్టులో ఉన్న కాలేజీలకు పనిదినాన, మధ్యాహ్నం రెండు తర్వాత వెళ్లండి. చాలా కాలేజీల్లో ప్రాక్టికల్స్ అప్పుడే జరుగుతాయి. వేసవిలో క్లాసులు లేకపోయినా ఆఫీసులో చెప్పి ల్యాబ్ చూపించమని అడగండి. "అడ్మిషన్ కోసం వచ్చాం సార్, కెమిస్ట్రీ ల్యాబ్ ఒకసారి చూస్తాం" అంటే కాదనే కాలేజీలు తక్కువ. కాదన్నారంటే అదీ ఒక సమాచారమే.

లోపలికి వెళ్లాక గోడల మీద పీరియాడిక్ టేబుల్ చార్టు ఎంత పెద్దదో చూడకండి. సింకుల దగ్గరికి వెళ్లండి. సింకు తడిగా ఉందా, ఎండిపోయి దుమ్ము పట్టిందా? గ్యాస్ బర్నర్ తిప్పితే చప్పుడు వస్తుందా? బ్యూరెట్లు స్టాండ్‌కు బిగించి ఉన్నాయా, అల్మరాలో అట్టపెట్టెల్లోనే ఉన్నాయా? బ్యూరెట్ కొళాయి దగ్గర అయోడిన్‌దో పర్మాంగనేట్‌దో మరక కనిపిస్తే సంతోషించండి, ఎవరో వాడుతున్నారు. డిస్టిల్డ్ వాటర్ ఎక్కడినుంచి వస్తుందో అడగండి. ల్యాబ్‌లోనే యూనిట్ ఉంటే మంచిది, క్యాన్లు కొంటున్నా ఫర్వాలేదు. "కొళాయి నీళ్లే వాడతాం" అంటే మాత్రం ఆలోచించుకోండి. విషవాయువుల్ని బయటికి లాగే ఫ్యూమ్ కబ్బర్డ్ ఉందా, దాని ఫ్యాన్ తిరుగుతుందా అని స్విచ్ వేయించి మరీ చూడండి. అందులో పాత రికార్డులు పేర్చి ఉంటే దాన్ని బీరువాగా వాడుతున్నారని అర్థం.

తర్వాత ల్యాబ్ అటెండర్‌తో మాట్లాడండి. లెక్చరర్ కంటే ఆయనకే ఎక్కువ తెలుసు. ఒక బ్యాచ్‌లో ఎంతమంది, బ్యాలెన్స్ దగ్గర ఎంతసేపు క్యూ కడతారు, సాల్ట్ ఎనాలిసిస్‌లో ఒక్కొక్కరికి వేరే సాల్ట్ ఇస్తారా లేక బెంచీ మొత్తానికి ఒకటేనా, ఇవన్నీ అడగండి. బెంచీకి ఒక సాల్ట్ అయితే ఒకరు బ్రౌన్ రింగ్ రప్పిస్తారు, మిగతా ముగ్గురు "నైట్రేట్" అని రాసుకుని ఇంటికి పోతారు.

వీలైతే సెకండియర్ విద్యార్థి రికార్డు పుస్తకం కాదు, అబ్జర్వేషన్ బుక్ చూడండి. రికార్డు అందరిదీ అందంగానే ఉంటుంది. అబ్జర్వేషన్‌లో కొట్టివేతలు, తడి మరకలు, 10.2, 10.3, 10.2 లాంటి రీడింగులు ఉంటే అక్కడ పని జరుగుతోంది. తరగతి మొత్తానికీ ఒకే టైటర్ విలువ ఉంటే మీకే తెలిసిపోతుంది.

ఊళ్లో ప్రభుత్వ కాలేజీలను చిన్నచూపు చూడకండి. నిజాం కాలేజీ 1887 నాటిది, ఉస్మానియా యూనివర్సిటీలో భాగం. నయాపూల్ దగ్గర సిటీ కాలేజీ, బేగంపేటలో ప్రభుత్వ మహిళా డిగ్రీ కాలేజీ, కోఠిలో ఒకప్పటి ఉమెన్స్ కాలేజీ, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరుతో మహిళా విశ్వవిద్యాలయం, వీటన్నిటిలోనూ సైన్సులకు పాత పేరుంది. పాత కాలేజీల్లో భవనం పెచ్చులూడుతున్నా ల్యాబ్‌లో స్థలం ఉంటుంది, అనుభవమున్న లెక్చరర్లుంటారు. అపార్ట్‌మెంట్ లాంటి బిల్డింగ్‌లో మూడో అంతస్తు ఫ్లాట్‌ని ల్యాబ్ చేసిన కాలేజీలకన్నా ఇవి నయం. నా మాట మీద కాదు, వెళ్లి చూసి తేల్చుకోండి.

దూరం కూడా లెక్కే. ప్రాక్టికల్ నాలుగున్నరకో ఐదుకో అవుతుంది. కూకట్‌పల్లి నుంచి కోఠికి మెట్రో ఉంది కాబట్టి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్లో దిగి నడిచిపోవచ్చు. ఈసీఐఎల్ నుంచో, శంషాబాద్ నుంచో రెండు బస్సులు మారాల్సి వస్తే మొదట ఎగ్గొట్టేది ప్రాక్టికల్సే. ఆడపిల్లలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది. కానీ గంటన్నర నిలబడి ప్రయాణం చేసినవాళ్లకు ఇంటికొచ్చి రికార్డు రాసే ఓపిక ఎక్కడిది?

దోస్త్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 2016 నుంచి తెలంగాణలో డిగ్రీ సీట్లు చాలావరకు దాని ద్వారానే. ఆధార్‌కు లింకైన మొబైల్ నంబరు ఇంట్లో ఎవరి దగ్గరుందో ముందే చూసుకోండి, చాలామంది అక్కడే ఇరుక్కుంటారు. మొదటి విడతలో రిజిస్ట్రేషన్ ఫీజు 200 రూపాయలు. ఇష్టమైన వరుసలో ఆప్షన్లు పెట్టండి, "వస్తుందో రాదో" అని దగ్గరి కాలేజీని పైన పెట్టకండి. సీటు వచ్చాక ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే అది పోతుంది. కొన్ని కాలేజీలు దోస్త్‌లో లేకుండా సొంతంగా చేర్చుకుంటాయి, వాటికి విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి కులం, ఆదాయం సర్టిఫికెట్లు మీసేవలో ఇంటర్ పరీక్షలైన వెంటనే తీసుకోండి. జూన్‌లో అక్కడ నిలబడటానికి చోటుండదు.

మొదటి ఏడాది నుంచే

మొదటి సెమిస్టర్ ఇంటర్ లాగే అనిపిస్తుంది, పిల్లలు అందుకే తేలిగ్గా తీసుకుంటారు. ఆటమిక్ స్ట్రక్చర్, బాండింగ్, ఆర్గానిక్ మెకానిజమ్స్ పునాదులు అప్పుడే పడతాయి. ఇంటర్‌లో మెకానిజం అంటే బాణాలు బట్టీ పట్టడం. ఇక్కడ ఎలక్ట్రాన్లు ఎక్కడినుంచి ఎక్కడికి పోతున్నాయో ప్రతి బాణానికీ మీకు మీరు చెప్పుకోవాలి. రోజూ రెండు రియాక్షన్లు తెల్లకాగితం మీద, పుస్తకం మూసేసి గీయండి. కోఠిలో పాత పుస్తకాల షాపుల్లో, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆర్గానిక్ లావు పుస్తకాలు సగం ధరకు దొరుకుతాయి. ఎడిషన్ పాతదైనా ఎస్‌ఎన్2 రియాక్షన్ మారదు.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు తెలుగులోనే చదివి అర్థం చేసుకోండి, సిగ్గుపడాల్సిన పనిలేదు. కానీ అబ్జర్వేషన్, రికార్డు మొదటిరోజు నుంచి ఇంగ్లిష్‌లో రాయండి. ల్యాబ్ ఇంగ్లిష్ చిన్నది, నాలుగైదు క్రియలతో బతికేయొచ్చు. ఇంటర్వ్యూలో కావాల్సిందీ ఆ మాత్రమే. సెకండ్ లాంగ్వేజ్ మార్కుల్ని చులకన చేయకండి. ఎంఎస్సీ అడ్మిషన్లలో మొత్తం శాతం లెక్కేసేటప్పుడు చాలా చోట్ల భాషలు కూడా కలుపుతారు.

ల్యాబ్‌లో ఒక అలవాటు ఇప్పుడే చేసుకోండి. రీడింగ్ చూసిన వెంటనే పెన్నుతో పుస్తకంలో రాయాలి. అరచేతి మీద కాదు, చిత్తు కాగితం మీద కాదు. తప్పు రాస్తే ఒకే ఒక గీత కొట్టి, కింద ఏముందో కనిపించేలా ఉంచి, పక్కన సరైనది రాసి సంతకం, తేదీ పెట్టండి. కాలేజీలో ఎవరూ అడగరు. కానీ మందుల కంపెనీలో ఇది చట్టంలా నడుస్తుంది. వైట్‌నర్ సీసా కనిపిస్తేనే మాకు గుండె దడ. విదేశాల నుంచి వచ్చే ఇన్‌స్పెక్టర్లు ముందు తిరగేసేది ఆ పుస్తకాలే.

టైట్రేషన్‌ని చిన్న పని అనుకోకండి. ఒక ఉదాహరణ. నీటి కఠినత్వం కొలిచే ప్రయోగం ప్రతి కాలేజీలోనూ ఉంటుంది. లెక్చరర్ని అడిగి, ఇచ్చిన శాంపిల్‌తో పాటు మీ ఇంటి నుంచి రెండు సీసాలు పట్టుకెళ్లండి. ఒకదాంట్లో బోరు నీళ్లు, ఒకదాంట్లో కొళాయిలో వచ్చే మంజీరా నీళ్లు. అమ్మోనియా బఫర్ వేసి పీహెచ్ 10 దగ్గర పెట్టి, ఎరియోక్రోమ్ బ్లాక్ టీ చిటికెడు వేస్తే ద్రాక్షరసం రంగు వస్తుంది. ఈడీటీఏ బొట్టు బొట్టుగా వదులుతూ ఉంటే ఎరుపు మెల్లగా ఊదా అయి, ఒక్క బొట్టుతో నీలం అవుతుంది. ఊదా దగ్గర ఆపేస్తే తక్కువ వస్తుంది. నీలం వచ్చాక కూడా పోస్తూ ఉంటే రంగు మారదు కాబట్టి ఎంత దాటారో తెలియదు. మంజీరా నీళ్లకు బ్యూరెట్ కొద్దిగా దిగుతుంది, బోరు నీళ్లకు దిగుతూనే ఉంటుంది. మీ గీజర్ కాయిల్ మీద తెల్లపొర ఎందుకు కడుతుందో, అమ్మ సబ్బు నురగ రావట్లేదని ఎందుకు విసుక్కుంటుందో అంకెల్లో కనిపిస్తుంది. ఒక్కో శాంపిల్‌కి మూడు రీడింగులు కలిసేదాకా చేయండి. ఇంటర్వ్యూలో "నువ్వు సొంతంగా చేసిన ప్రయోగం ఒకటి చెప్పు" అంటే చెప్పడానికి ఇంతకంటే మంచిది ఉండదు. నేనైతే దాని మీదే పావుగంట ప్రశ్నలు వేస్తాను.

పర్మాంగనేట్, ఆక్సాలిక్ ఆసిడ్ టైట్రేషన్‌లో మొదటి బొట్ల రంగు ఎందుకు నెమ్మదిగా పోతుంది, తర్వాత ఎందుకు చటుక్కున పోతుంది? పర్మాంగనేట్ ముదురు రంగు కాబట్టి బ్యూరెట్‌లో పై మట్టం ఎందుకు చూస్తాం? చేస్తున్నప్పుడే ఇలాంటివి అడగండి. మొదటిదానికి జవాబు, రియాక్షన్లో పుట్టే మాంగనీస్ అయాన్లే ఆ రియాక్షన్‌కి ఉత్ప్రేరకాలు అని. నోటితో పిపెట్ పీల్చమంటే మాత్రం మర్యాదగా బల్బు అడగండి. లేదంటే సొంతంగా కొనుక్కోండి, ఖరీదేం కాదు.

రెండో ఏడాది, బయటికి వెళ్లడం

తార్నాకలో ఐఐసీటీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ) ఉంది. 1944లో నిజాం కాలంలో మొదలైన ల్యాబ్, తర్వాత కేంద్ర పరిశోధనా మండలి సీఎస్‌ఐఆర్‌లో కలిసింది. ఈ ఊళ్లో మందుల పరిశ్రమ ఇంత పెరగడానికి ఒక కాలు అక్కడుంటే, ఇంకో కాలు బాలానగర్‌లో ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో ఉంది. డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి గారు ఐడీపీఎల్‌లో పనిచేసి వచ్చినవారే. సెప్టెంబరు 26 సీఎస్‌ఐఆర్ స్థాపన దినం. ఆ చుట్టుపక్కల ఆ ల్యాబులు విద్యార్థుల కోసం తలుపులు తెరుస్తాయి. వెళ్లి మాలిక్యూల్ నిర్మాణం కనిపెట్టే ఎన్‌ఎంఆర్ యంత్రం కళ్లతో చూడండి. పుస్తకంలో స్పెక్ట్రమ్ బొమ్మ చూసి భయపడే బదులు అది ఎక్కడినుంచి వస్తుందో తెలుస్తుంది.

రీసెర్చ్ మీద మనసుంటే మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్‌కి రెండో ఏడాది నవంబరు ప్రాంతంలో అప్లై చేయండి. లెక్చరర్ సిఫార్సు లేఖ కావాలి. మీ పేరు తెలిసిన లెక్చరర్ ఒక్కరైనా ఉండేలా అప్పటికే చూసుకోవాలి మరి.

నాలుగో సెమిస్టర్ అయ్యేసరికి ఎటు అన్నది తేల్చేయండి, ఎందుకంటే ఐదో సెమిస్టర్ మొదలవగానే తేదీలు తరుముకొస్తాయి. జామ్ దరఖాస్తులు సెప్టెంబరు, అక్టోబరుల్లో, పరీక్ష ఫిబ్రవరిలో. మూడు గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. ఐఐటీ హైదరాబాద్‌లో ఎంఎస్సీ కావాలన్నా ఇదే. సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ. ఉస్మానియా, మిగతా రాష్ట్ర యూనివర్సిటీలకు సీపీగెట్, అది డిగ్రీ పరీక్షల తర్వాత వస్తుంది. సీపీగెట్ ఒక్కటే రాస్తే చాలులే అనుకునేవాళ్లు చాలామంది. మూడూ రాయండి, సిలబస్ దాదాపు ఒకటే.

టీచర్ అవ్వాలనుకుంటే ఎడ్‌సెట్ రాసి బీఈడీ. ఫిజికల్ సైన్స్ టీచర్ పోస్టుకు ఫిజిక్స్, కెమిస్ట్రీ రెండూ చదివి ఉండటం మేలు, ఇక్కడ కూడా ఎంపీసీయే నెగ్గుతుంది. న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్ లాంటి సంస్థలు బీఎస్సీ కెమిస్ట్రీ వాళ్లను ట్రైనీలుగా తీసుకునే నోటిఫికేషన్లు అప్పుడప్పుడు ఇస్తాయి. అక్కడ 60 శాతం అడుగుతారు కాబట్టి 58 దగ్గర ఆగిపోకండి.

నేరుగా ఉద్యోగానికి వస్తే

డిగ్రీ అవగానే కంపెనీకి వచ్చేవాళ్లకు రెండు దారులు. ప్రొడక్షన్‌లో అయితే రియాక్టర్ల దగ్గర షిఫ్టులు. రాత్రిపూట డ్యూటీ ఉంటుంది, సాల్వెంట్ వాసన ఉంటుంది. జీతం మొదట్లో చిన్నదే, కానీ ప్లాంట్ తెలిసినవాడికి ఎప్పుడూ పని దొరుకుతుంది. క్యూసీలో అయితే ఏసీ గది, మిశ్రమంలో ఏది ఎంతుందో విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం, బోలెడు కాగితం పని. మగపిల్లల్ని ప్రొడక్షన్‌కి, ఆడపిల్లల్ని క్యూసీకి పంపే అలవాటు ఇంకా ఉంది, నాకది నచ్చదు. బొల్లారం, పాశమైలారం, బొంతపల్లి, చౌటుప్పల్ వైపు కంపెనీ బస్సులు తెల్లవారుజామునే బయల్దేరతాయి. ఇల్లు ఎక్కడ, బస్సు పాయింట్ ఎక్కడ అన్నది ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేలోపు చూసుకోండి.

ఇంటర్వ్యూకి మీ సిలబస్ చాలు. బీర్-లాంబర్ట్ నియమం, పీహెచ్, బఫర్ ఎలా పనిచేస్తుంది, యాక్యురసీకీ ప్రెసిషన్‌కీ తేడా, సీ18 కాలమ్‌ని రివర్స్ ఫేజ్ అని ఎందుకంటారు, టీఎల్‌సీలో మచ్చ పైకి ఎందుకు పాకుతుంది. ఎక్సెల్‌లో ఐదు పాయింట్లతో కాలిబ్రేషన్ గ్రాఫ్ గీసి, గీత ఎంత సూటిగా ఉందో చెప్పడం వస్తే ఇంకా మంచిది. తెలియనిదానికి "తెలియదు మేడమ్, ఇలా ఆలోచిస్తాను" అన్నవాళ్లను మేం తీసుకున్నాం. మందుల కంపెనీలో ధైర్యంగా అబద్ధం చెప్పేవాళ్లే మాకు భయం.

ఆఖరుగా, అమీర్‌పేట, కూకట్‌పల్లి గోడల మీద కనిపించే ఫార్మా కోర్సుల సంగతి. "హెచ్‌పీఎల్‌సీ ట్రైనింగ్, వంద శాతం ప్లేస్‌మెంట్" అని రాసి ఉంటుంది. కొన్ని బాగానే నేర్పుతాయి. కొన్నింట్లో పది వారాలూ పవర్‌పాయింట్‌తోనే గడిచిపోతుంది. డబ్బు కట్టే ముందు సొంత యంత్రం ఉందా, ఒక్కో యంత్రం దగ్గర ఎంతమంది, మీ చేత్తో మొబైల్ ఫేజ్ కలిపి ఇంజెక్షన్ వేయిస్తారా అని అడగండి. డెమో క్లాసు అడిగి, యంత్రం ఆన్ చేయించి, పంపు నడుస్తున్న చప్పుడు వింటేనే పర్సు తీయండి. లేదంటే ఆ డబ్బుతో ముందు నాలుగు ఇంటర్వ్యూలకు తిరగండి. ఎక్కడ ఆగిపోతున్నారో తెలుస్తుంది, అప్పుడు ఆ ఒక్కదానికే కోర్సు చూసుకోవచ్చు.